ఆఖరి వరస కప్పులు

టీ రుచి చూసే గదిలో టీ తాగేవాళ్లు ఒక్కరూ ఉండరు. చెంచాడు టీ సర్రున పీల్చడం, నోరంతా తిప్పడం, చక్రాల మీద వెంట వచ్చే ఇత్తడి తొట్టిలోకి తుపుక్కున ఉమ్మడం, అంతే అక్కడి పని. ఉమ్మేవాళ్లని సార్ అంటారు. ఆ తొట్టి ఎత్తిపోసి తోమేవాళ్లకి ఏదో ఒక మారుపేరు తగిలిస్తారు.

ఆ గదిలో మారుపేరు కెటిలక్కది. పద్దెనిమిదేళ్ల కిందట, పనిలో చేరిన మొదటి వారంలోనే, పొగలు కక్కే కెటిళ్లు రెండు చేతులా పట్టుకుని, ఒక్క చుక్క బల్ల మీద పడకుండా పన్నెండు ముంతలూ నింపుకుంటూ పోయిందని గుమాస్తా పెట్టాడా పేరు. ఇప్పుడు గుమాస్తాకి బట్టతల వచ్చింది, కెటిలక్కకి చెవుల దగ్గర నెరుపు వచ్చింది. పేరు మాత్రం నిన్న పెట్టినట్టే ఉంది.

ఉత్తరం వైపు కిటికీల కింద, గది పొడుగునా తెల్లరాతి బల్ల. దాని మీద నాలుగు వరసలు. నది ఒడ్డు పల్లపు నేలల ఆకు మొదటి వరస. ఎర్రమట్టి గుట్టల ఆకు రెండోది. సముద్రపు గాలి తగిలే కొండవాలు ఆకు మూడోది. మంచు పట్టే ఎత్తుకొండల ఆకు ఆఖరిది. వరసకి పన్నెండు డబ్బాలు, డబ్బా ముందు మూత ఉన్న పింగాణీ ముంత, ముంత ముందు చెవి లేని తెల్ల కప్పు. ఆకు చిటికెడు తీసి చిన్న తక్కెడలో వేస్తుంది కెటిలక్క. తక్కెడ ఊరికే ఉండకూడదని వేయడమే గానీ, ఆవిడ వేళ్లు ఎప్పుడో తక్కెడైపోయాయి. నీళ్లు పోసి, మూత పెట్టి, ఆరు నిమిషాలు ఆగుతుంది. ఆపైన ముంతని కప్పు మీదికి పక్కకి వంచి పడుకోబెడుతుంది. రసం కప్పులోకి దిగాక, ఉడికిన ఆకుని మూతలోకి బోర్లించి, ఆ మూతని ముంత మీద వెల్లకిలా పెడుతుంది. సారు వచ్చి ఎండు ఆకు, ఉడికిన ఆకు, కప్పులో రంగు చూసి, చివరకి చెంచా ముంచుతాడు. ఒక వరస అయ్యాకే రెండో వరసకి నీళ్లు. ఆఖరి వరసకి వచ్చేసరికి పదకొండు దాటుతుంది.

అంతా అయ్యాక కప్పులు కడిగేది కెటిలక్కే. కడిగే ముందు ప్రతి కప్పులోంచీ ఒక్క గుక్క తాగుతుంది. అది ఎవరూ చూడరు, ఆవిడ ఎవరికీ చెప్పదు. సార్లు ఉమ్మేది ఆవిడ మింగుతుంది, అంతే తేడా.

ఆ మంగళవారం ఆవిడ కప్పులు కడుగుతుంటే చిన్నసారు పిలిచాడు. పెద్ద చదువు చదివి ఆరు వారాల కిందట వచ్చిన కుర్రాడు, మనిషి చెడ్డవాడు కాదు. బూట్లు చప్పుడు కాకుండా నడుస్తాడు, ఉల్లిపాయ ముట్టడు, మాట్లాడేటప్పుడు మనిషిని కాక కాగితాన్ని చూస్తాడు.

"ఇది చూడు," అని రిజిస్టరు ఆవిడ వైపు తిప్పాడు. ఆఖరి వరస ఎదురుగా ఆరు వారాలుగా ఒకే మాట. చప్పన. చప్పన. జీవం లేదు. చప్పన. "ఇవే డబ్బాలు హెడ్డాఫీసులో పెద్దసారు రుచి చూశారు. తేటగా ఉంది, సువాసన బాగుంది అని రాశారు. అక్కడ బాగున్నది ఇక్కడ చప్పబడిందంటే ఏదో లోపం ఉన్నట్టే కదా?"

"ఉన్నట్టే సార్."

"ఆకు తప్పు కాదు. నా నాలుక తప్పు కాదు. ఇక మిగిలిందెవరు?"

కెటిలక్క తడి చేతులు కొంగుకి తుడుచుకుంది. "నేనే మిగిలానా సార్?"

"కప్పులకి సబ్బు సరిగ్గా పోవడం లేదు."

"సబ్బా?" ఆవిడకి నవ్వొచ్చినంత పనయింది. "ఈ గదిలోకి సబ్బు వస్తే కదా సార్, పోవడానికి! వేడినీళ్లు, గుడ్డ, అంతే. పెద్దసారు పెట్టిన పద్ధతి."

మూలన కూర్చున్న గుమాస్తా దగ్గాడు. దగ్గు వచ్చి కాదు. చిన్నసారు అటు చూడలేదు.

"శుక్రవారం పెద్దసారు వస్తున్నారు. ఈ ఏటికి ఏ తోట ఆకు కొనాలో, ఏది మానాలో ఆ రోజే తేలిపోతుంది. ఆ ఒక్క రోజూ జాగ్రత్తగా చెయ్యి. సోమవారం నుంచి ప్యాకింగు హాల్లోకి మారుస్తున్నాను. అక్కడ కూర్చుని చేసే పనే, నీకూ హాయి."

"కారణం ఏమని రాశారు సార్?"

కాగితం అప్పటికే టైపయి ఉంది కాబట్టి, చిన్నసారు దాన్నే ముందుకి జరిపాడు. శుభ్రత లోపం.

రెండే రెండు మాటలు. కెటిలక్క వాటిని చదివి, మళ్లీ చదివి, కాగితం బల్ల మీద పెట్టి, వెళ్లి మిగిలిన కప్పులు కడిగింది. కడిగిన ప్రతి కప్పునీ ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. పింగాణీ వాసన తప్ప ఏమీ లేదు. ఆఖరి వరస కప్పుల్లో మాత్రం గుక్క తాగినప్పుడు చిన్నసారు రాసింది అబద్ధం కాదని మళ్లీ తెలిసింది. ఇన్నాళ్లూ ఈ ఏటి ఆకే ఇంతేమో అనుకుంది. చప్పనే. పోయినేడు ఇదే కొండ ఆకు నోట్లో పోసుకుంటే పొద్దున్నే కిటికీ తీసినట్టుండేది. ఇప్పుడు తీయని కిటికీలా ఉంది.

తప్పు ఉంది. అది తన చేతిది కాదు. మరి ఎవరిది?

*

"ఎవడో ఉమ్మింది ఎత్తిపోసే ఉద్యోగం, పోతే పోయింది!" అంది అత్తగారు. పదేళ్లుగా అంటున్న మాటే. "అయినా శుభ్రత లేదన్నాడా నిన్ను? నిన్నా? నేను మంచమ్మీద కూర్చుని ఉంటే నన్ను లేపి మరీ కింద తుడుస్తావే! నా మోకాళ్లనడుగు, చెబుతాయి నీ శుభ్రత!"

"మీరు వచ్చి చెప్పండి అత్తయ్యా వాడికి."

"వస్తాను. నాకేం భయం? మోకాళ్లు ఒప్పుకుంటే రేపే వస్తాను."

అత్తాకోడళ్లిద్దరే ఆ రెండు గదుల ఇంట్లో. కొడుకు పోయాక ముసలావిడ నోరు పెరిగింది, కోడలు నోరు తగ్గింది. ఇద్దరికీ సరిపోయింది. ముసలావిడకి పాలు పడవు. నల్లటీ తాగుతుంది, అదీ పేరు పెట్టుకుంటూ తాగుతుంది. రుచి చూడగా డబ్బాల్లో మిగిలిన ఆకు పనివాళ్లు పట్టుకుపోవచ్చన్నది కంపెనీలో పాత పద్ధతి. అందుకని ఆ ఇంట్లో తాగే టీ ఊళ్లో పెద్ద మేడల్లోవాళ్లు కూడా తాగి ఉండరు.

కెటిలక్క పొయ్యి మీద గిన్నెతో నీళ్లు పెట్టింది. అంతలో పక్కింటావిడ గుమ్మంలోకి వచ్చి తన కూతురి అత్తగారి సంగతి ఎత్తుకుంది. ఎత్తుకున్నది దించదు ఆవిడ. ఊ కొట్టి ఊ కొట్టి, ఆవిడని సాగనంపి వచ్చేసరికి గిన్నెలో నీళ్లు సగమై కుతకుతలాడుతున్నాయి. కెటిలక్క మనసంతా ఆ రెండు మాటల దగ్గరే ఉంది. ఆ నీళ్లే ఆకు మీద పోసి, మూత పెట్టి, ఆరు నిమిషాలాగి అత్తగారి చేతికిచ్చింది.

ముసలావిడ ఒక గుక్క తాగి గ్లాసులోకి తొంగి చూసింది. ఈగ పడిందేమోనన్నట్టు.

"ఇదేంటే? వేడినీళ్లకి రంగేశావా?"

"రోజూ పోసే ఆకే అత్తయ్యా. మంచుకొండది. మీకిష్టమైనదే."

"ఆకు అదే అయ్యుంటుంది. నీళ్లే చచ్చిపోయాయి. అలా గంటలకొద్దీ మరిగిస్తే ఇంకేం మిగులుతుంది వాటిల్లో? మా అమ్మ అయితే పారబోసి మళ్లీ పట్టుకొచ్చేది."

కెటిలక్క ఆ గ్లాసు లాక్కుని తనూ ఒక గుక్క తాగింది. నోట్లోనే ఉంచుకుని అలా నిలబడిపోయింది. తీయని కిటికీ. అదే. అచ్చంగా అదే.

"ఏమైందే? కాలిందా?"

కెటిలక్క గిన్నె కడిగి కుళాయి కింద పెట్టింది. నీళ్లు చప్పుడు చేస్తూ నురగతో నిండాయి. పొయ్యి మీద పెట్టి, ఈసారి పక్కనే నిలబడింది. అడుగున బుడగలు లేచి, పెద్దవై, నీళ్లు పొంగిన క్షణాన దించి, అదే డబ్బాలోంచి అదే చిటికెడు ఆకు మీద పోసింది. రెండు గ్లాసులూ అత్తగారి ముందు పెట్టింది.

ముసలావిడ రెండూ తాగింది. రెండోదాన్ని చేతిలోనే ఉంచుకుని మొదటిదాన్ని మోచేత్తో అవతలికి నెట్టింది.

"ఇది టీ. అది కాళ్లు కడుక్కోవడానికి."

*

బుధవారం పొద్దున్న అందరికంటే ముందు వెళ్లి కెటిలక్క డ్రమ్ము ఎదురుగా నిలబడింది.

చిన్నసారు వచ్చిన కొత్తలో తెప్పించిన డ్రమ్ము అది. నిలువెత్తు స్టీలుది, గోడకి బిగించారు. అది వచ్చిన రోజే కెటిళ్లు అటకెక్కాయి. పొద్దున ఆరున్నరకి నింపి స్విచ్చేస్తే మధ్యాహ్నం దాకా మరుగుతూనే ఉంటుంది. ముందువైపు గాజు బిళ్లలో ఎర్ర ముల్లు. ఆ ముల్లు నూరు దగ్గర నుంచి కదలకూడదు. వెనకవైపు డ్రమ్ములోకి చన్నీళ్లు వచ్చే గొట్టం ఒకటి ఉంది. వాడుకున్నకొద్దీ కొత్త నీళ్లు చేరడానికి దాన్ని పెట్టారు. కొత్త నీళ్లు పడ్డప్పుడల్లా ముల్లు నాలుగైదు గీతలు దిగుతోందని, మొదటి వారంలోనే ఆ కుళాయిని చిన్నసారే కట్టేయించాడు. కెటిలక్క వంగి చూసింది. కుళాయి చుట్టూ తీగ బిగించి ఉంది, ఎవరూ తిప్పకుండా.

అంటే పొద్దున ఆరున్నరకి మరగడం మొదలెట్టిన నీళ్లే పదకొండింటికి ఆఖరి వరసకి. మొదటి వరసకి కాస్త ప్రాణంతో వెళ్తున్నాయి. పైగా పల్లపు నేల ఆకు మొరటుది, ఏ నీళ్లు పోసినా ఎర్రగా దిగి నాలుకని గీకుతుంది. మంచుకొండ ఆకు సున్నితం. దానికి నీళ్లల్లో ఊపిరి ఉండాలి. దానికే ఊపిరాగిపోయిన నీళ్లు.

చిన్నసారు రాగానే చెప్పింది.

"నీళ్లు చచ్చిపోవడమేంటి?" అన్నాడాయన. అంటూ నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నూరు డిగ్రీలంటే నూరు డిగ్రీలే. ఆరున్నరకైనా, పదకొండుకైనా. నేను చదువుకున్న చోట ఇంతకంటే పెద్ద డ్రమ్ము ఉండేది, ఆరొందల కప్పులు తీసేవాళ్లం. ముల్లు చూడు. కదిలిందా?"

"కదల్లేదు సార్."

"మరి?"

"అక్కడ మీ డ్రమ్ముకి కొత్త నీళ్లు వచ్చేవేమో సార్. దీనికి గొట్టం కట్టేశారు కదా."

"కట్టేశాను కాబట్టే ముల్లు కదలడం లేదు," అని ఆయన మంచిగానే నవ్వాడు. "ఇది వంటిల్లు కాదు. నీ పని నీళ్లు పోయడం. శుక్రవారం దాకా అది చెయ్యి, చాలు."

ఒళ్లు మండింది కెటిలక్కకి. అయినా నలభై ఎనిమిది ముంతలూ పోసింది, వంచింది, బోర్లించింది. ఆఖరి వరస దగ్గర చిన్నసారు మళ్లీ రాశాడు, చప్పన అని.

మధ్యాహ్నం ఆయన భోజనానికి వెళ్లగానే స్టూలెక్కి అటక మీంచి కెటిలు ఒకటి దించింది. కడిగే గదిలో చిన్న గ్యాసు పొయ్యి ఉంది, దాని మీద పెట్టింది. ఆఖరి వరసలో మిగిలిన ఆకు రెండు ముంతల్లో వేసింది. ఒకదానికి డ్రమ్ము నీళ్లు, ఒకదానికి అప్పుడే పొంగిన నీళ్లు. రెండు కప్పులూ తీసుకెళ్లి గుమాస్తా ముందు పెట్టింది.

"తాగన్నా."

"నన్నెందుకమ్మా? నేను కలం మనిషిని. నాకు టీ అంటే టీ."

"అందుకే తాగమంటున్నా."

గుమాస్తా మొదటిది తాగాడు, తల ఊపాడు. రెండోది తాగాడు. ఊపుతున్న తల ఆగిపోయింది. "ఇది వేరే తోటది కదా?"

"ఒకటే డబ్బా."

గుమాస్తా రెండు కప్పుల్నీ మళ్లీ తాగాడు. మళ్లీ తాగాడు. చివరకి మంచి కప్పు ఖాళీ అయ్యింది, రెండోది అలాగే ఉంది. అది చూసుకుని, "చిన్నసారుకి చూపిద్దామా?" అన్నాడు.

"చూపించానన్నా. ఆయన నాకు ముల్లు చూపించాడు."

"మరైతే నన్ను ఇందులోకి లాగకు కెటిలక్కా. నాకు ఇంకా ఆరేళ్ల సర్వీసుంది."

"లాగను. శుక్రవారం ఆఖరి వరస దగ్గర కాస్త దగ్గకుండా కూర్చో, అదే పదివేలు."

గురువారం పొద్దున చిన్నసారు కడిగే గదిలోకి తొంగి చూసి, పొయ్యి పక్కనున్న కెటిలు చూశాడు. "ఇది అటక మీంచి ఎందుకు దిగింది?"

"తోముదామని సార్," అంది కెటిలక్క తలెత్తకుండా. "శుభ్రత లోపం అన్నారు కదా."

చిన్నసారు చెవులు ఎర్రబడ్డాయి. గిరుక్కున తిరిగి వెళ్లిపోయాడు. కెటిలక్క ఆ రోజంతా కెటిలు తోమింది. తరవాత ఇత్తడి తొట్టి తోమింది. తోమి తోమి అందులో తన ముఖం కనిపించేదాకా తోమింది.

*

పెద్దసారుకి అరవై దాటాయి. బక్కపల్చటి మనిషి, మాట తక్కువ, ముక్కు ఎక్కువ. గుమ్మంలో ఆగి, గాలి పీల్చి, "కిటికీలు తెరిచే ఉంచారు, మంచిది," అన్నాడు. బల్ల పొడుగునా నడిచి, కప్పులు చూసి, "కప్పులు బాగున్నాయమ్మా," అన్నాడు కెటిలక్కతో. ఆ మాట వినగానే చిన్నసారు కాగితాలు సర్దుకున్నాడు.

మొదటి వరస. సర్రు, తుపుక్కు. సర్రు, తుపుక్కు. గుమాస్తా తొట్టిని వెంట తోస్తూ, పెద్దసారు చెప్పింది రాసుకుంటున్నాడు. పల్లపు నేల ఆకుల్లో ఎనిమిది ఉంచాడు. ఎర్రమట్టి గుట్టల్లో ఆరు ఉంచాడు. మూడో వరసలో సముద్రపు గాలి ఆకు దగ్గర కనుబొమలు ముడిపడ్డాయి. "ఇది ఇంకా చురుగ్గా ఉండాలే," అని గొణుక్కుని, నాలుగే ఉంచాడు.

ఆఖరి వరస. పన్నెండు ముంతల్లోనూ కెటిలక్క డ్రమ్ము నీళ్లే పోసింది. ఆకు అదే బరువు, అదే ఆరు నిమిషాలు, చెప్పిన పని చెప్పినట్టు. ఆపైన కడిగే గదిలోకి వెళ్లింది. పొయ్యి మీద కెటిలు అప్పుడే పొంగుతోంది. పన్నెండో డబ్బా చివర, బల్ల అంచున, ఒక ముంత ఎక్కువ పెట్టింది. పదమూడోది. డబ్బా లేదు దానికి. ఆకు పోసింది, పొంగిన నీళ్లు పోసింది, మూత పెట్టింది. గుమాస్తా చూశాడు. దగ్గు గొంతుదాకా వచ్చింది. మింగేశాడు.

పెద్దసారు మొదలెట్టాడు. మొదటి కప్పు. "చప్పన." రెండు. "చప్పన." మూడు, నాలుగు. "హెడ్డాఫీసులో ఇలా లేదే ఇది." చిన్నసారు పక్కనే నడుస్తూ, "ఆరు వారాలుగా ఇంతే సార్. నేను కారణం కనుక్కున్నాను. తగిన చర్య కూడా..." అంటున్నాడు. పెద్దసారు చెయ్యెత్తాడు, రుచి చూసేటప్పుడు మాట వద్దన్నట్టు. పదకొండు. పన్నెండు. "తీసెయ్యండి. ఈ ఏడు మంచుకొండ మనకొద్దు."

గుమాస్తా కలం కాగితానికి ఆనింది. కెటిలక్క బల్ల అంచు పట్టుకుంది.

పెద్దసారు అలవాటుగా మరో అడుగు వేసి, పదమూడో కప్పులో చెంచా ముంచాడు. సర్రుమన్నాడు. నోరు ఆగిపోయింది. కళ్లు మూసుకున్నాడు. తొట్టి దగ్గరకి జరిపాడు గుమాస్తా. పెద్దసారు ఉమ్మలేదు.

మింగాడు.

నలభై ఏళ్లుగా ఉమ్మిన మనిషి మింగడం ఆ గదిలో ఎవరూ చూడలేదు. ఆయన మళ్లీ చెంచా ముంచాడు. అదీ మింగాడు. "ఇది ఏ తోట?"

చిన్నసారు డబ్బా కోసం వెతికాడు. బల్ల మీద చూశాడు, బల్ల కింద చూశాడు. "ఇది... ఇది వరసలో లేదు సార్."

"పన్నెండోదే సార్," అంది కెటిలక్క.

గదిలో ఉన్న మిగతా ముగ్గురూ ఆవిడ వైపే చూశారు.

"ఒకటే డబ్బా. పన్నెండోదానికి డ్రమ్ము నీళ్లు, దీనికి ఇప్పుడే పొంగిన నీళ్లు. ఇంకే తేడా లేదు. కావాలంటే మూత మీద ఆకు చూడండి."

పెద్దసారు రెండు మూతల మీది ఆకూ వేళ్లతో విడదీసి చూశాడు. ఒకే కోత, ఒకే ముదురు. ఆయన తల తిప్పి డ్రమ్ముని అప్పుడే చూసినట్టు చూశాడు.

"ఎన్నింటికి నింపారు?"

"ఆరున్నరకి సార్," అన్నాడు చిన్నసారు.

"కొత్త నీళ్లు వచ్చే గొట్టం?"

"కట్టేశాం సార్. ముల్లు దిగుతోందని."

పెద్దసారు డ్రమ్ము మూత ఎత్తాడు. లోపల గోడలకి తెల్లటి పొలుసు కట్టి ఉంది. చెంచాతో నీళ్లు తీసి, చల్లార్చి, టీని పీల్చినట్టే పీల్చి, ఉమ్మాడు. "ఈ నీళ్లు మనకంటే ముందే అలిసిపోయాయి," అన్నాడు. ఎవరినీ తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది చిన్నసారుకి.

"కెటిళ్లు ఎక్కడున్నాయమ్మా?"

"ఒకటి పొయ్యి మీద. ఒకటి అటక మీద."

"దింపించు. ఈ వరసకి మళ్లీ నీళ్లు పొయ్యి."

అటక మీంచి రెండో కెటిలు దించింది చిన్నసారే. సూటు మోచేతికి దుమ్మంటింది. ఇరవై నిమిషాల్లో కెటిలక్క పన్నెండు కొత్త ముంతలు పేర్చి, రెండు చేతులా రెండు కెటిళ్లతో వచ్చింది. ఆరు వారాలుగా కుళాయి తిప్పి తిప్పి మొద్దుబారిన మణికట్లకి ఒక్కసారి పాత పని దొరికింది. నీళ్లు తాడులా దిగాయి, ముంత ముంతకీ ఒకే ఎత్తులో ఆగాయి, తెల్లరాయి మీద ఒక్క చుక్క లేదు. ఆరు నిమిషాలు గడిచాయి. మూత తీసేసరికి గదిలో కిటికీలు తెరిచి ఉన్నా ఇంకొకటేదో తెరిచినట్టయింది. మంచుకొండ పన్నెండింట్లో పది ఉంచాడు పెద్దసారు. గుమాస్తా కొట్టివేతలు చేసుకుంటూ దగ్గాడు, ఈసారి సంతోషంతో.

"నువ్వెలా కనిపెట్టావమ్మా?" అన్నాడు పెద్దసారు చెంచా తుడుచుకుంటూ.

"కడిగే ముందు ఒక గుక్క తాగుతాను సార్. అన్ని కప్పులూ. చేరినప్పటి నుంచి. తప్పయితే చెప్పండి."

"కిటికీ వైపు తిరుగు," అన్నాడు పెద్దసారు. వెనక డబ్బాల చప్పుడు, నీళ్ల చప్పుడు, ముంతలు వంచిన చప్పుడు. చివరకి "రా," అన్నాడు. బల్ల మీద నాలుగు కప్పులు, డబ్బాలు లేవు. తన చెంచాని వేడినీళ్లల్లో ముంచి, తుడిచి, ఆవిడ చేతికిచ్చాడు.

మొదటిది పీల్చగానే నవ్వింది. "ఇది సముద్రం పక్కది. నాలుక కొసన చురుక్కుమంటుంది, కొత్త చీపురు పుల్ల గుచ్చినట్టు." రెండోది. "పల్లపు నేల. దుప్పటి కప్పినట్టు నోరంతా కప్పేస్తుంది." మూడోది. "ఎర్రమట్టి. మంచి ఆకే గానీ ఎండబెట్టేటప్పుడు మంట కాస్త ఎక్కువైంది, ఇస్త్రీ పెట్టె వాసన." నాలుగోది పీల్చి ఆగింది. మళ్లీ పీల్చింది. చిన్నసారు మెడ ముందుకొచ్చింది.

"మంచుకొండే సార్. కానీ ఈ ఏటిది కాదు. పెట్టెలో మడతపెట్టి ఉంచిన బట్టలా ఉంది. ఎండ వాసన పోయింది, మడత వాసన మిగిలింది."

"ఇక్కడ ఉన్నవన్నీ ఈ ఏటివే," అన్నాడు చిన్నసారు మెల్లగా.

పెద్దసారు తన చేతిసంచీ తెరిచి చిన్న డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. పోయినేటి చీటీ ఉంది దాని మీద. గుమాస్తా వైపు తిరిగి, "ఆవిడ చెప్పిన మాటలు రిజిస్టరులో ఉన్నవి ఉన్నట్టు రాయి. దుప్పటి, చీపురు పుల్ల, మడత వాసన, అన్నీ. మన మాటలు నలభై ఏళ్లుగా రాస్తున్నాం, చప్పన అంటే ఎందుకు చప్పనో ఒక్కరమూ రాయలేదు," అన్నాడు. తరవాత చిన్నసారుతో, "సోమవారం నుంచి బల్ల దగ్గర రెండు చెంచాలు ఉండాలి. ఒకటి నీది, ఒకటి ఈవిడది. ఒక నెల నీళ్లు నువ్వు కాయి. నీళ్లు రానిదే టీ రాదు, నాకూ మొదటి ఏడాది అదే నేర్పారు," అన్నాడు.

పెద్దసారు కారెక్కాక చిన్నసారు ఆ టైపు కాగితం తెచ్చాడు. నాలుగు మడతలు పెట్టి ఉంది. చింపాలో ఇవ్వాలో తెలియక చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. మొదటిసారి కాగితాన్ని కాక మనిషిని చూశాడు. "ఆ సబ్బు మాట నేను అనకుండా ఉండాల్సింది. తప్పు నాదే అక్కా."

"అనేశారుగా సార్," అంది కెటిలక్క. కాగితం తీసుకుని, రెండు ముక్కలు చేసి, డ్రమ్ము కింద నీళ్లు కారే చోట వేసి కాలితో అదిమింది. "ఇక నీళ్లు మీరు కాచండి. బాగా కాచారో లేదో నాకు తెలిసిపోతుంది."

*

సోమవారం పొద్దున చిన్నసారు చొక్కా చేతులు పైకి మడిచి, రెండు కెటిళ్లతో వచ్చాడు. మొదటి ముంత పొంగి బల్ల మీద పారింది. రెండోది సగమే నిండింది. "కాస్త ఎత్తి పట్టండి సార్. పొంగిన నీళ్లు మీ కోసం ఆగవు, పరిగెత్తాలి," అంది కెటిలక్క. ఆయన పరిగెత్తాడు. బూట్లు మొదటిసారి చప్పుడు చేశాయి.

ఆరు నిమిషాలయ్యాక ఆవిడ చెంచా ముంచి, పీల్చి, అలవాటుగా మింగింది. రెండో కప్పూ మింగింది. మూడోదీ.

"అక్కా, నలభై ఎనిమిదీ మింగితే రాత్రికి నిద్ర పట్టదు," అన్నాడు చిన్నసారు కెటిలు దించుకుంటూ. "ఉమ్మండి."

గుమాస్తా తొట్టిని దగ్గరగా తోశాడు. గురువారం తను తోమిన ఇత్తడి, ఇంకా మెరుస్తూనే ఉంది. అడుగున తన ముఖమే కనిపించింది. దాని మీద ఎలా ఉమ్మాలో తెలియక నోట్లో టీతో అలాగే నిలబడింది. తరవాత తల కాస్త పక్కకి తిప్పి, గురి చూసి, తుపుక్కుమంది. ఇత్తడి టంగుమంది. గుమాస్తా పెన్నూ రిజిస్టరూ వదిలేసి చప్పట్లు కొట్టాడు.

సాయంత్రం ఇంటికి వెళ్లి చెప్పులు విడుస్తూనే అంది. "అత్తయ్యా, ఇవాళ నేను ఉమ్మాను."

"ఎక్కడే?"

"తొట్టిలో. నలభై ఐదు సార్లు."

ముసలావిడ మంచం మీద లేచి కూర్చుంది. మోకాళ్లు ఒప్పుకున్నాయో లేదో పట్టించుకోలేదు. "మరి ఎత్తిపోసిందెవరే?"

కెటిలక్క గిన్నె కుళాయి కింద పెట్టి, చప్పుడు చేస్తూ నిండనిచ్చింది.

"చిన్నసారు," అంది.